ముప్పయ్యారు తెలుపులు

అట్ట మీద ముప్పయ్యారు తెలుపులు.
బ్రోన్విన్ వాటిని పేకముక్కల్లా పరిచింది
మా వంటింటి బల్ల మీద, పాలగిన్నె పక్కకి జరిపి.
"ఇది ఉప్పు. ఇది గవ్వ.
ఇది అల వెనక్కి పోయాక మిగిలే ఇసుక."
కళ్ళజోడు సర్దుకుని చూశాను.
నాకు తెలిసి తెలుపు మూడు రకాలు:
సున్నం, మీగడ,
ఉతికి ఉతికి వెలిసినది.

ఇల్లు కయామాలో, కొండవాలున.
చెక్కపలకల గోడలు, రేకు కప్పు,
కిటికీలో అరచెయ్యంత సముద్రం.
ఆ అరచేతికే లక్ష డాలర్లు ఎక్కువ పోశామని
ఐజాక్ రోజుకోసారి గుర్తు చేస్తాడు,
అక్కడికి నేనేదో మరిచిపోయినట్టు.

చీరాల బట్టల కొట్లో తొమ్మిదేళ్ళు మడతలు విప్పినదాన్ని.
రంగులు నాకు నోటిలెక్క:
నశ్యం, వంగపండు, నెమలికంఠం, మావిచిగురు.
"ఏనుగు రంగులో జరీ లేకుండా చూపించమ్మా" అంటే
చూడకుండానే చెయ్యి మూడో అరకి వెళ్ళేది.
ఇక్కడ మాత్రం గాల్లో ఆగిపోయింది.

"కోస్టల్ స్టైల్" అంది బ్రోన్విన్,
"గాలి, వెలుగు, నిశ్శబ్దం."
నిశ్శబ్దమా!
ఐజాక్ పుట్టింది వాడరేవులో.
ఆ ఒడ్డున ఎవరూ మెల్లగా మాట్లాడరు,
రంగులు కూడా.
పడవకి పూయగా డబ్బా అడుగున ఏది మిగిలితే
అదే తలుపుకి, అదే కిటికీకి,
అదే మేకని కట్టే గుంజకి.
ఒక ఏడు వీధి వీధంతా కనకాంబరం.
దాన్ని స్టైలని ఎవరూ అనలేదు.

పదకొండు బుల్లి డబ్బాలు కొన్నాం.
గోడ మీద పదకొండు పట్టీలు, కింద పెన్సిలు అంకెలు.
పొద్దున ఏడో నంబరు బాగుంది,
మధ్యాహ్నానికి పళ్ళపొడి అయింది.
ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం పక్కన నడుస్తాడు.
దక్షిణపు గదికి ఎప్పుడూ జ్వరం పడి లేచిన ముఖం;
ఏ తెలుపు పూసినా
నీలిమందు ఎక్కువైన పంచెలా తేలుతుంది.
రాత్రి లైటు వేసి మళ్ళీ చూశాం.
నాలుగు, తొమ్మిది ఒకటేనని ఐజాక్.
కావని నేను.
ఆ మాట మీద అన్నాలు చల్లారాయి.

శనివారం, పాత రంగుల్లో సీసం ఉంటుందట,
మూతికి మాస్కు బిగించి
వెనక తలుపు గీకడం మొదలెట్టాడు.
తెలుపు.
దాని కింద మీగడ.
దాని కింద ఆస్పత్రి ఆకుపచ్చ.
అన్నిటికీ అడుగున, చెక్కని కరుచుకుని,
ఎరుపు కాదు, గులాబీ కాదు,
ఉల్లిపాయ ఎండుపొరని ఎండకి పట్టినట్టు.
బ్రోన్విన్ అట్టలో లేనిది,
మా కొట్లో రెండో అర, ఎడమ చివర.

కంచె అవతల టమాటాలకి నీళ్ళు పెడుతూ
డెస్మండ్, తొంభైకి దగ్గర:
"ఓ, అదా. టెడ్ పడవ రంగు.
ముందు పడవకి వేశాడు, మిగిలింది తలుపుకి.
వాళ్ళావిడ నెల్లాళ్ళు వీధి తలుపునుంచే తిరిగింది."
ఐజాక్ సీసం సంగతి మరిచి
మాస్కు లాగేసి నవ్వాడు.
కనుబొమల నిండా ఆకుపచ్చ పొడి.

గోడలకి గవ్వ తెలుపే వేశాం.
బాగానే ఉంది, అబద్ధమెందుకు.
దక్షిణపు గది ఇంకా తేలలేదు.
తలుపు కోసం మాత్రం
గోరంత పెచ్చు రుమాల్లో చుట్టి కొట్టుకి పట్టుకెళ్ళాను.
యంత్రం దాన్ని తేరిపార చూసింది,
కాసేపు గురగురమంది,
పేరు చెప్పలేకపోయింది.
"ఏం పేరు పెట్టమంటారు?" కుర్రాడు అడిగాడు.
చెప్పాను. మళ్ళీ చెప్పాను.
ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.
మూత మీది చీటీలో "ఉలిపోరా" అని వచ్చింది.

దిద్దించలేదు.
కొండెక్కుతూ, సముద్రం కనపడే మలుపులో
ఆగి చెయ్యి మార్చుకున్నాను.
డబ్బాలో అది బరువుగా
అటు ఒరిగి, ఇటు ఒరిగింది.