వెనక సందు గేటు

బర్న్‌లీలో ఆ ఆగస్టు,
రోడ్డుకి ఇటువాళ్ళూ అటువాళ్ళూ
గొంతులు పగిలేలా అరుచుకున్న మర్నాడు
ఇరువైపుల నుంచీ నా మందుల షాపుకే వచ్చారు.
ఇద్దరికీ ఒకటే బీపీ మాత్ర, ఐదు మిల్లీగ్రాములు.
పొద్దున పూట వేసుకోండి, అన్నాను.
ఇంకేం అనాలో తెలియలేదు.

మా వీధి గొడవ అంత పెద్దదేం కాదు.
రెండు వరసల ఇటుక ఇళ్ళ మధ్య వెనక సందు,
దానికో ఇనప గేటు.
తాళం వెయ్యాలని క్లిఫర్డ్ హావర్త్:
పాత పరుపులు తెచ్చి పడేస్తున్నారు, ఎవరో అందరికీ తెలుసు.
తెరిచే ఉంచాలని రఫాకత్:
మా పిల్లలు నడిచే దారి, ఎందుకు మూస్తున్నారో అందరికీ తెలుసు.
ఆ ‘అందరికీ తెలుసు’కే
ముందు తాళం వెయ్యాలనిపించేది నాకు.

పదకొండో నంబరింటి మహ్‌వష్ రౌహానీ
గురువారం సాయంత్రం రమ్మంది.
బహాయీలట. పూజారి లేడు, పార్టీ జెండా పట్టరు.
ఇరాన్‌లో వాళ్ళ నాన్న దుకాణానికి సీలు వేసిన సంగతి
నేను అడిగితే గాని చెప్పలేదు.
చెప్పినప్పుడు కూడా
సీలు వేసినవాణ్ణి పల్లెత్తు మాటనలేదు.

ముందు ప్రార్థన, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు.
టెస్ఫాలెమ్ టిగ్రిన్యాలో మెల్లగా గొణిగాడు.
నేను బళ్ళో నేర్చిన పద్యం ఎత్తుకుని
మూడో పాదం దగ్గర మరిచిపోయాను.
క్లిఫర్డ్ తన బూట్లు చూసుకుంటూ కూర్చున్నాడు.
అదీ లెక్కలోకే వచ్చింది.

తర్వాత టీ, కుంకుమపువ్వు వేసిన పరమాన్నం,
ఇంకా ఒకే ఒక్క నియమం:
బల్ల మీద పెట్టిన మాట ఇక నీది కాదు.
ఆ గిన్నెలాగే. ఎవరు వండారని కాదు,
ఉడికిందా లేదా, అంతే.

అనడం తేలిక.
నా మాటని ఎవరైనా గరిటెతో కదిపితే
నా పేగులే కదిపినట్టుంటుంది.
మొదటి మాట మహ్‌వష్‌దే: సందు పొడుగునా పూలకుండీలు.
పరుపులు పడేచోట కుండీలు బతుకుతాయా, అంది పదిహేనేళ్ళ కీరా.
నిజమే, అంది మహ్‌వష్.
తన మాట పక్కకి జరిగిపోతుంటే
మూతి ముడవకుండా ఇంకో కప్పు పోసింది.
నేను ఆ చేతినే చూస్తున్నాను.

తొమ్మిదింటికి తేలింది:
రాత్రికి తాళం, ఇంటింటికీ తాళంచెవి,
పొద్దున తియ్యడం వంతులవారీగా.
నేను వద్దన్నాను. వంతులు తప్పుతాయన్నాను.
ఓడిపోయానా అయితే, అంటే
ఒకసారి ఒప్పుకున్నాక అందరం మోద్దాం, అంది, తప్పైనా సరే.
తలోవైపు లాగితే
తప్పు నిర్ణయానిదో లాగినవాళ్ళదో ఎప్పటికీ తేలదు కదా.

నా వంతు మంగళవారం.
పెండిల్ కొండ మీంచి దిగే తుంపరలో
వేళ్ళు కొంకర్లు పోతుండగా తాళం తీశాను.
నేను వద్దన్న తాళం.

ఏడు వారాలకి అది తప్పేనని తేలింది.
చెత్త లారీ తెల్లారకముందే వచ్చి
మూసిన గేటు చూసి వెనక్కి పోయేది.
పరుపు మాత్రం
గేటు మీంచి ఎగిరొచ్చి పడింది.

మళ్ళీ గురువారం, మళ్ళీ అదే బల్ల.
‘నేను ముందే చెప్పాను’
నాలుక చివరికొచ్చి పళ్ళని తోస్తోంది.
వేడి టీతో మింగేశాను. గొంతు కాలింది.
క్లిఫర్డే గొంతు సవరించుకున్నాడు:
తాళం వెయ్యమన్నది నేనే కదా...
నువ్వు కాదు, అన్నాడు రఫాకత్
చెంచాతో గిన్నె అంచు గీకుతూ,
మనం.

వాళ్ళిద్దరూ స్నేహితులేం కాలేదు.
ఓట్ల రోజు చెరో దారినే పోతారు, నేనడగను.
కానీ ఆ శనివారం
క్లిఫర్డ్, రఫాకత్, టెస్ఫాలెమ్, నేను
తలో మూలా పట్టుకున్నాం.
తడిసిన పరుపు ఇంత బరువుంటుందని
నాకు ముందు తెలియదు.