కొండకాటిగాడు

రేకుడబ్బా కొట్టడానికి
రోజుకి రెండొందలిత్తాడు షావుకారు.
మందస కొండవారన జీడితోటలో
పిట్టల్ని తోలడమే నా పని.

సిలకలైతే ఒక్క దెబ్బకి నెగిసిపోతాయి.
ఈడు నెగడు.
కొండకాటిగాడు.

ఒళ్లంతా తుప్పురంగు, తలకాయి మసి,
రెక్కమీద ఆరేసిన బూడిదగుడ్డ.
ఆ తోక సూడు,
పిట్ట ఆగిపోనాక కూడా
అదింకా పెరుగుతానే ఉన్నట్టు.
మాయమ్మ పిలిసినంత తీపిగా ఓపాలి కూత్తాడు,
నాను తలెత్తగానే
నూనె లేని గేటు తోసినట్టు కసుర్తాడు.

నిన్న మనవరాలు పుస్తకంలో సూపింది:
ఎక్కడో వాన ఇడవని అడవుల్లో
ఈడి దాయాదులు, లేతాకు పచ్చటివి, ఎర్రముక్కువి.
పంజరంలో పెడితే, తినాల్సిన పురుగు దొరక్క
ఆ పచ్చ ఎలిసి నీలమైపోద్దంట.
"మన పిట్ట ఎలవదా మామ్మా?"

ఏటి సెప్పను గుంటకి?
పలాస బట్టీలో జీడిపిక్క కొట్టిన సేతులు నావి.
మానీసి నాలుగేళ్లు. సబ్బులరిగిపోనాయి గానీ
గోళ్లకింది నలుపు ఇడవనేదు.

మద్దినేళ. డబ్బా మీద కర్ర ఆపినాను.
మాగిన పండు మీద కాలేసి
ముక్కుతో పొడిసి, ఓరగా సూత్తన్నాడు,
కొట్టు మరి, అన్నట్టు.

తినీరా నాయినా, ఒక్క పండే గదా.
షావుకారడిగితే ఉడతలని సెప్తాను.