పీపా కడిగిన నీళ్ళు

ఓడవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు.
లహైనా వాగు దగ్గర పీపాలు దించి
మెక్సికో రేవులో పట్టిన పాచినీళ్ళు పారబోసి
మంచినీళ్ళు నింపుకున్నారు.
మా అమ్మకి ఒక సూది కూడా ఇచ్చారు.

ఆ నెలలోనే చెవి దగ్గర ఏదో పాడింది.
మా భాషలో దానికి మాట లేదు.
ఈగ అనబోయి ఆగాం.
పొద్దున లేచి గోక్కున్నాం, అంతే.

మా నాన్న కనెకోవా పిట్టలు పట్టేవాడు.
కొమ్మకి జిగురు రాసి కూర్చునేవాడు.
ఓఓ పిట్ట చిక్కితే నాలుగు పసుపు ఈకలు తీసుకుని
కాళ్ళ జిగురు నూనెతో తుడిచి
"పై ఏడు వస్తాను, మొలిపించుకో" అని
వదిలేసేవాడు.
దొర శాలువా ఒక్కటి నిండడానికి మూడు తరాలు.

పై ఏడు వెళ్ళాడు.
ఒహియా విరగబూసిందట,
తాగే నోరు లేక తేనె నేలకి కారుతోందట.
చెట్టు కింద ఒకటి దొరికింది. గాయం లేదు,
కంటి చుట్టూ పొక్కులు.
దాని ఈకలు ముట్టుకోలేదు నాన్న.

మిగిలినవి చలిని వెతుక్కుంటూ
కొండ పైపైకి పోయాయి.
ఆయన మోకాళ్ళు సగంలోనే ఆగాయి.

ఎవర్ని తిట్టను?
నేను తినే చేమదుంపా, కోడీ, పందీ
మా తాతలు పడవలో తెచ్చినవే.
ఎలుక కూడా వచ్చింది అందులో,
ఆ సంగతి కథల్లో చెప్పరు గానీ.

సూది తుప్పుపట్టింది.
సగమైన శాలువా ఒళ్ళో పరుచుకుని
సాయంత్రాలు వాకిట్లో కూర్చుంటాను.
చెవి దగ్గరికి అది వస్తుంది.
టప్పున రెండు చేతులూ కలుపుతాను.
దారినపోయేవాళ్ళకి
ఎవరి పాటకో
చప్పట్లు కొడుతున్నట్టుంటుంది.