నీళ్ల రిజిస్టర్

హైటెన్షన్ తీగల కింద జాగ.
ఇల్లు కట్టరాదు, అమ్మరాదు.
సాయంత్రం ఐదింటికి మౌలాలీ గుట్ట నీడ
మెల్లగ వచ్చి దాని మీద కూసుంటది.
అంతకుముందు అక్కడ
కూలగొట్టిన గోడలు, పగిలిన కమోడ్లు,
కడుపు చీలి స్ప్రింగులు బయటేసిన ఒక సోఫా.

తవ్వితే ముందుగాల మన్ను దొరకలే.
పాలప్యాకెట్ల పొర, దాని కింద గుట్కా సంచుల పొర,
దాని కింద ఎవరి పిల్లగానిదో ఎడమకాలి చెప్పు.
మోకాలి లోతుకు పోయినంక
గడ్డపార కొసకు ఎర్రగ అంటుకుని వచ్చింది.
షాహెదా ఆపా ముక్కు దగ్గర పెట్టుకుని
"హా, యహీచ్ హై" అన్నది,
తప్పిపోయిన మనిషిని గుర్తువట్టినట్టు.

మొగిలయ్య ఆర్టీసీల కండక్టర్ చేసి దిగినోడు.
మెంతులు చల్లుతుంటే చూడాలె,
చిల్లర లెక్కవెట్టి ఇచ్చినట్టు
ఒక్క గింజ ఎక్కువ పోదు.
ఫిలోమినా టీచరు చీమలకు పసుపు కొడ్తది,
కొట్టి, పాపమని పక్కకు ఇంత చక్కెర పెడ్తది.
జోయెల్ రాత్రి పదకొండున్నరకు ఆఖరి ఆర్డర్ ఇచ్చి వస్తడు,
బండి లైటు వెలుగుల వంకాయల పురుగులేరుతడు
వేరేటోళ్ల బిర్యానీ వాసన వీపు మీద మోసుకుంట.

నేనా? నాకు నడుముల డిస్కు జరిగింది.
నీళ్ల రిజిస్టర్ రాస్త.
ఎవరు, ఏ పొద్దు, ఎన్ని బిందెలు.
గంతే నా ఎవుసం.

బుధవారం బుధవారం కోసిందంత అంగన్‌వాడీకి.
శ్రావణంల మొదటి సొరకాయ పోయింది.
చంటిపిల్ల చెయ్యంత ఉన్నప్పటిసంది
దాన్ని చూస్తున్నం అందరం,
కుళ్లిపోతదని వేలు గూడ చూపకుండ.
మల్ల వారానికి ఇంకోటి.

సిమెంటు బస్తాల మీద మీటింగు.
కెమెరా అన్నరు. ముండ్లకంప అన్నరు.
మొగిలయ్య ఎప్పటికో నోరు తెరిచిండు:
"టికెట్ లేనోనికి గూడ దిగే స్టాపు ఒకటుంటదమ్మా."
ఎవ్వరికీ సమజ్ కాలే. అందరం ఒప్పుకున్నం.
కంచె బయట ఒక పాదు పెట్టినం
ఆయన కోసం. లేకుంటే ఆమె కోసం.

అది ఇరగ కాసింది.
ఒక్కటంటే ఒక్కటి ఎవరూ తెంపలే.
కాయలు ముదిరి, పెంకు కట్టి,
గాలొస్తే ఒకదాన్నొకటి తట్టుకునేటివి
తలుపు కాడ ఎవరో నిలవడ్డట్టు.
లోపలియి మాత్రం పోతనే ఉన్నయి.
"ఖైరాత్ నక్కో కతే" అని
షాహెదా ఆపా కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది.
ఆ ఎండినకాయల ఇత్తులే
మాఘంల మల్ల లోపల పెట్టినం.

మే నెలల బోరు గుర్రుమని ఆగిపోయింది.
ట్యాంకరు ఆరు రోజులు రాలే.
బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ కింద బొట్టుబొట్టు పట్టిన నీళ్లు,
నమాజుకు కాళ్లు కడుక్కున్న నీళ్లు గూడ మోసినం.
రిజిస్టర్ల బిందెలు కొట్టేసి చెంబులని రాసిన.

ఏడో రోజు పొద్దుగాల నేనే ముందు పోయి తాళం తీసిన.
సొరపాదు మొదట్ల మన్ను నల్లగున్నది.
వంకాయ సాలు గూడ, సగం దాంక.
సగం కాడ తడి ఆగిపోయింది
ఎవరిదో కుండ ఒడిసిన కాడ.

అందర్ని అడిగిన.
జోయెల్‌కు రాత్రంత జ్వరం.
మొగిలయ్య బిడ్డింటికాడ ఉన్నడు.
టీచరు నేను కాదని ఒట్టేసి,
ఒట్టేసినందుకు నొచ్చుకున్నది.
పైన తీగలు రోజులెక్కనే జుమ్మంటున్నయి.

పేరు గడిల ఏం రాయాలె?
పెన్ను పట్టుకుని చానసేపు కూసున్న.
తేదీ ఏసిన.
చెంబులు: తెల్వదు, అని రాసిన.
ఆ రాత్రి రిజిస్టర్ ఇంటికి తీస్కపోలే.
పెన్నుకు దారం కట్టి
కంచె మీద, బయటిదిక్కుకు తెరిచి, పెట్టొచ్చిన.