రంగుల్లనే వేయి

దేవరకొండ డిపో ఎదురుగ నా డీటీపీ సెంటర్.
పహాణీ నకళ్లు, పెండ్లి పత్రికలు,
కులం సర్టిఫికెట్ దరఖాస్తులు,
నాకు తెలిసిన సాహిత్యం అంతే.
కరెంటు పోయిన ఒక పగటిపూట
ఆమె వచ్చి మెట్ల మీద కూసున్నది,
ఒళ్లో ఏడు లాంగ్ నోట్‌బుక్కులు.

ముందు గుర్తుపట్టలేదు.
ఇంటర్ చదివే రోజుల్ల
నల్లగొండ గడియారం సెంటర్ల
మూడంతస్తుల హోర్డింగు మీద
పుట్టపాక తేలియా చీర కట్టి
ఐదేండ్లు ఎండకూ వానకూ నిలబడ్డ మనిషి.
చీర ముందు వెలిసింది, ముఖం తర్వాత.
కింద చాయ తాగుకుంట మేం అనుకునేటోళ్లం
ఎంత పొగరుర ఈమెకు, పెదవి కదపది.

"పేరేం కొట్టాలె మేడం?"
"పగిళ్ల అండాలు. మర్రిగూడ."
హోర్డింగు మీద ఆండీ అని ఉండేది.
అది ఏజెన్సీ వాళ్లు అడ్వాన్సుతో పాటు ఇచ్చిన పేరట.
అండాలంటే ముసలమ్మ పేరన్నరట.

మొదటి నోట్‌బుక్కు అంతా నీళ్లే.
బోరింగు, బిందె, బోరింగు కాడ తగువు,
పదమూడేండ్లకే కొడవలి లెక్క వంగిన
అన్న సత్తయ్య వెన్ను.
వాణ్ని చూసిన భయానికి రోజూ రాత్రి
గోడకు వీపు ఆనించి నిలబడేదట,
తను ఇంకా నిటారుగనే ఉన్ననా అని.
బొంబాయిల ఎవరో అడిగిండ్రట
ఈ నడక ఏ స్కూల్ల నేర్చుకున్నవని.
బిందె అని చెప్పలేదు. అన్న అని చెప్పలేదు.

రెండో దాంట్ల పండ్లు.
మొదటి ఫొటో నాడు నవ్వమన్నడు, నవ్వింది.
అతను కెమెరా కిందికి దించిండు.
ఇటుకరంగు చారలు, సున్నపు మచ్చలు,
మా ఊర్ల నీళ్లు మా నోట్ల రాసిన అడ్రసు.
నవ్వొద్దు అని ఫైలు మీద రాసుకున్నరు.
పందొమ్మిదేండ్లు ఆమె కంటే ముందు
ఆ ఫైలు నడిచింది.

కోపెన్‌హాగన్ గురించి ఒక్కటే పేజీ.
మంచు లేదు, బట్టల్లేవు, చప్పట్లు లేవు.
హోటల్ గదిల నల్లా తిప్పి
ఎవర్నీ అడగకుండ దోసిలి పట్టి
కడుపు నొచ్చేదాక తాగిందట.
తర్వాత తొట్టి నిండ ఇడిసి
తెల్లారేదాక దాని ఒడ్డున కూసున్నదట.
ఆ పేజీల సిరా చెదిరింది.
అడిగితే, చెమట అన్నది.
కొట్టిన, ఏమనలేదు.

మధ్యల ఒకసారి ఊరికెనే అడిగిన,
మేడం, గీ రాసుడెందుకు మొదలువెట్టిండ్రు?
"నోరు మూసుకొని చేసే పని
నాకిదొక్కటే మిగిలింది తమ్మీ."
అని నవ్వింది.
పూర్తిగ. పై వరుసా, కింది వరుసా.
నా చెయ్యి దానంతటదే నా నోటి మీదికి పోయింది.

ఆఖరు రోజు అట్ట వెనక ఫొటో.
ఆ నవ్వే కావాలన్నది, ఫోన్ల తీసిన.
కంప్యూటర్ల పెట్టంగనే
మౌసు అలవాటు కొద్ది తెల్లబ్రష్షు పట్టుకుంది.
పెండ్లి పత్రికల పిల్లలందరికీ
ముప్పై రూపాయలు తీసుకొని నేను చేసేదదే.
"ఏం చేస్తున్నవ్?"
ఏం లేదు మేడం, అని బ్రష్షు మూసిన.

నలుపు తెలుపుల వేస్తే అయి నీడల్లెక్క కలిసిపోతయి,
రంగుల్ల అయితే కాపీకి పన్నెండు రూపాయలు ఎక్కువ అన్న.
పర్సు తీసి
నోట్లు తడి చేసి లెక్కపెట్టుకుంట
తలెత్తకుండనే అన్నది
"రంగుల్లనే వేయి."