కాకికాలు గుర్తు

వారమంతా కరెంటు మీటర్ల ముందు వంగుతాను,
అంకె చదివి చెప్తే జనం మొహం మాడ్చుకుంటారు.
ఆదివారం కూడా వంగుతాను,
ఎవరూ బిల్లు కట్టక్కర్లేని అంకె కోసం.

సంచిలో అరిగిన టూత్‌బ్రష్షు, సుద్దముక్క, టేపు.
టార్చి మాత్రం డ్యూటీదే.
స్కూటర్ దండపాణి సాహుది, పెట్రోలు నాది.
వాడు ఒడియాలో తిడతాడు, నేను తెలుగులో వెతుకుతాను.
బరంపురంలో ఇదేం కొత్త కాదు.

వెతికేది ఇంతే:
గోడరాతి మీద ఒక అడ్డగీత,
దాన్ని కిందనుంచి తాకే మూడు గాట్లు,
తడిమట్టిలో కాకి నిలబడి ఎగిరిపోయినట్టు.
దొరల కాలంలో ఎవరో కూలీలు
మూడుకాళ్ళ దుర్భిణీ, గీతల కర్రలూ భుజానేసుకుని
సముద్రం ఎత్తును ఇక్కడిదాకా మోసుకొచ్చారు,
ఒక్క చుక్క ఒలకకుండా.

గిరి రోడ్డు మలుపులో, మందుల గోదాము మెట్టు మీద ఒకటి,
ఏడు పూతల సున్నం కింద దొరికింది.
బొడొబజారులో ఒకదాని నెత్తిన ఏసీ బిగించారు.
స్టేషన్ దగ్గరిది టైల్సు వెనకుందని దండపాణి నమ్మకం,
హోటలువాడు టీ ఇస్తాడు గానీ టైలు పీకనివ్వడు.
పాత కల్వర్టు మీదిదైతే
జాబితాలో మోకాలెత్తు అని ఉంది.
మేం చూసేసరికి చీలమండ దగ్గరుంది.
రాయి కుంగలేదు.
తారు మీద తారు పోసి పోసి
రోడ్డే లేచింది.

మా తాత పొట్నూరి సింహాద్రి
మగ్గం గుంటలోంచి లేవకుండానే
మద్రాసు వాడల్లా ఒరిస్సా వాడయ్యాడు.
అది వేరే గీత. దాన్ని ఏ గోడ మీదా చెక్కలేదు.
నేను దాన్ని వెతకను.

పోయిన ఆదివారం సాలెవీధి చివర
పాడుబడ్డ సత్రం అరుగురాతి మీద
పసుపు, కుంకుమ, రెండు గన్నేరుపూలు.
మధ్యలో మూడు గాట్లు.
"మా అత్త మొక్కేది. నామాల సామి," అంది ఎరకమ్మ.
దండపాణి నా వైపు చూశాడు.
నేను బ్రష్షు జేబులో పెట్టేశాను.

"ఈ సామికి సముద్రం ఎంత కిందుందో తెలుసు పిన్నీ."
"ఎంతేటి?"
"ఎనభయ్యారడుగులు."
వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.
"ఐతే తుపానొచ్చినా నీళ్ళు ఇక్కడికి రావు గదా!"

ఏం చెప్పను?
ఆ అంకె వేసినవాళ్ళు ఆటుపోట్లన్నీ కలిపి
సగటు తీశారు.
సగటు సముద్రాన్ని ఎవరూ చూడలేదు,
గోపాలపురం జాలర్లు అసలే చూడలేదు.
ఆమధ్య గాలికి ఈ సత్రం రేకులు
రెండు వీధులవతల పడ్డాయి.
నీటికి మెట్లు కావాలి, గాలికి అక్కర్లేదు.

"రావు పిన్నీ," అన్నాను.
ఆమె అడ్డగీత మీద ఇంకో బొట్టు పెట్టింది.
దండపాణి డైరీ తీసి రాశాడు:
ఇరవైమూడోది. రాయి దిట్టం. గుర్తు స్పష్టం.
కాసేపాగి, దాని కింద, గుండ్రటి ఒడియా అక్షరాల్లో:
కుంకుమ తడిగా ఉంది.