నాలుగో దెబ్బ

కంపెనీ వ్యాను మమ్మల్ని ఇందుకూరుపేట సెంటర్లో దించాల.
ఆ పొద్దు మాలకొండయ్య బ్రేకు తొక్కలేదు.
"మైపాడు పోదాం పట్టండి,
దేశదేశాలోళ్ళు వచ్చుండారంట వాయించేదానికి,
టిక్కెట్టు కూడా లేదంట."
పదకొండు మందిమి.
సబ్బుతో రెండుసార్లు కడిగినా
రొయ్యల వాసన మాకంటే ముందే వ్యాను దిగింది.

ఇసకలో స్టేజీ, సరుగుడు కర్రలకి నీలం లైట్లు,
సముద్రం గాలికి పటపటా కొట్టుకునే బ్యానరు.
ముందు తెల్ల కుర్చీలు పెద్దోళ్ళకి.
మేము వెనక, తిరగేసిన పడవల పక్కన,
ప్లాస్టిక్ ఆప్రాన్లు పరుచుకుని కూలబడ్డాం.
వెంగమ్మ నాలుగు మొక్కజొన్న కండెలు కొని
పదకొండు ముక్కలు విరిచింది.
తూకమేసినట్టే వచ్చాయి.

మొదట ఒక ఎర్రజుట్టామె ఫిడేలు వాయిస్తా
బూటుకాళ్ళతో చెక్క మీద తాళమేసింది.
చెక్క కింద ఇసక గదా,
సగం తాళం అదే తాగేసింది.
తర్వాత ఒక పొట్టాయన, ఈ ఉక్కలో గొర్రెబొచ్చు కోటు,
కళ్ళు మూసుకుని నోరు తెరిస్తే
ఒక్క గొంతులో రెండు గొంతులు.
కిందది చెరువులో ఏరియేటరు,
పైది యాడో దూరంగా ఈల.
"లోపల ఎవుర్నో మింగుండాడే" అంది మస్తానమ్మ.
నవ్వాపుకోలేక నాకు పొలమారింది.

చివర్న వచ్చినాయనది మాలి అనే దేశమంట.
"సగం పేరు నాదే" అన్నాడు మాలకొండయ్య.
మోకాళ్ళ నడుమ మేకతోలు డోలు,
పుల్లల్లేవు, ఒట్టి చేతులు.
కొట్టాడు.

తల. పెంకు. నరం.
తల. పెంకు. నరం.

నా చేతులు గుర్తుపట్టాయి, నాకంటే ముందు.
ఎనిమిదేళ్ళు స్టీలు బల్ల ముందు నిలబడి
తల గిల్లి, పెంకు ఒలిచి, నరం లాగి,
ఐసునీళ్ళలో వేళ్ళు మొద్దుబారి,
ఇంటికొచ్చి కూర కలిపితే
వేడన్నమో చద్దన్నమో తెలియని చేతులు.
ఇదెట్ట తెలిసింది ఈయనకి?
అనుకుంటుండగానే
మూడింటి వెనక ఇంకోటి వేశాడు.
నాలుగో దెబ్బ.
దాంట్లో ఏ పనీ లేదు.
ఊరికే, గాల్లోకి ఎగరేసి వదిలేసిన దెబ్బ.

చప్పట్లు కొట్టమని సైగ చేశాడు.
కుర్చీలోళ్ళ చేతుల్లో ఫోన్లుండాయి.
మేము కొట్టాం.
ముందు తడిగుడ్డ బండకేసి బాదినట్టుంది శబ్దం,
తర్వాత వేళ్ళకొసల్లో చీమలు,
తర్వాత మంట.
నొప్పి తెలిసింది.
తెలిసినందుకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

అప్పుడే జనరేటరు దగ్గి ఆగిపొయ్యింది.
లైట్లు పొయ్యాయి, మైకు పొయ్యింది.
ఎవురో "అయ్యయ్యో" అన్నారు.
ఆయన మాత్రం ఆపలేదు.
చీకట్లో, చప్పట్లు వినబడే దిక్కుకి
డోలు వాయిస్తానే నడిచొచ్చాడు,
కుర్చీలు దాటి, జెండాలు దాటి, పడవల దాకా.
వెనక వరస ముందు వరసయింది.
మైకు లేని డోలు ఇంకా పెద్దది,
కూర్చున్న ఇసకలోంచి నడుముకెక్కింది.
అలొచ్చి మధ్యమధ్యలో తప్పు తాళం వేస్తా ఉంది.
పోలమ్మ లేచి ఎగిరింది,
ఐదు పదులు దాటిన పోలమ్మ, మోకాళ్ళ నొప్పుల పోలమ్మ.

అయిపోయినాక ఆయన చెయ్యి చాపాడు.
అరచెయ్యంతా కాయలు, గిట్టలాగా గట్టిగా.
వెంగమ్మ పక్కన తనది పెట్టింది,
బొటనవేలికి గోరు లేని చెయ్యి.
ఇద్దరూ ఫోన్ల వెలుతుర్లో కాసేపు చూసుకున్నారు.
"ఒకే కౌంటు" అందామె.
ఆయనకేం అర్థమైందో, గట్టిగా నవ్వాడు.

మర్నాడు ఏడింటికి స్టీలు బల్ల.
తల. పెంకు. నరం.
ఎదురుగా వెంగమ్మ చెయ్యి ఒక రవ్వ ఆగింది గాల్లో.
ఈ పక్క మస్తానమ్మది.
తర్వాత నాది.
సూపర్వైజరు పుస్తకంలోంచి తలెత్తి
"ఏందమ్మా, చేతులు నిలబడతా ఉండాయే?" అన్నాడు.
"ఐసు ఎక్కువైంది సార్" అన్నాం.